కట్ట మీద పారేసే నాచుతో ఎర్ర బ్లూమ్‌ను దించిన తీరు: కండలేరు పక్కన ఒక కేస్ స్టడీ

ఏప్రిల్ రెండో వారంలో ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది. "మూడో గుంటలో నీళ్ళు టీ డికాక్షన్ మాదిరి తిరిగినాయబ్బయా. మేత ట్రేల్లో అట్నే ఉండాది" అన్నాడు రొయ్యలు పెంచే పెద్దాయన. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. నాకూ అంతే టెన్షన్ మొదలైంది. అంతకు ముందు వేసవిలో ఇదే రైతు రెండో గుంటలో ఇదే రంగు చూశాం. ఆ రంగు తెచ్చిన బ్లూమ్‌ను, అంటే నీళ్ళలో విపరీతంగా పెరిగిపోయిన సూక్ష్మ ఆల్గేను, చంపమని సలహా ఇచ్చింది నేనే.

ఆ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఈసారి చేసిన పని మొత్తం అక్కడి నుంచే పుట్టింది. అప్పుడు మైలుతుత్తం వాడించాను. మోతాదు లెక్క తప్పలేదు. మధ్యాహ్నం చల్లించాం, సాయంత్రానికి నీటి రంగు విరిగింది, మందు బాగా పనిచేసిందని సంతోషపడ్డాం. రాత్రి 3 గంటలకు రొయ్యలన్నీ కట్ట అంచుకు చేరి మీసాలు పైకి పెట్టాయి. మీటర్ పెట్టి చూస్తే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) 1 పీపీఎం, అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము, కూడా లేదు. బ్లూమ్ ఒక్క పూటలో చచ్చింది. ఆ చచ్చిన సరుకంతా కుళ్ళడానికి గుంటలో ఉన్న ఆక్సిజన్‌ను తాగేసింది. తెల్లారేసరికి అత్యవసరంగా వల వేయాల్సి వచ్చింది. బ్లూమ్‌ను చంపడం కష్టమేమీ కాదని, అది చచ్చాక గుంట బతకడమే కష్టమని ఆ రాత్రి నాకు అర్థమైంది.

గుంటల వివరాలు

నెల్లూరు జిల్లాలో కండలేరు క్రీక్ పక్కన, దాని నీళ్ళతోనే నడిచే చిన్న యూనిట్ ఇది. ఎకరం చొప్పున నాలుగు గుంటలు, ముప్పై సెంట్ల రిజర్వాయర్ ఒకటి. పంట వనామీ రొయ్య. చదరపు మీటరుకు 40 పిల్లల లెక్కన ఫిబ్రవరిలో వేశారు. నీటి లోతు 1.3 మీటర్లు. ఫోన్ వచ్చిన రోజుకు పంట వయసు 52 రోజులు, రొయ్య 8 గ్రాముల దగ్గర ఉంది.

వేసినప్పుడు నీళ్ళలో ఉప్పు 22 పీపీటీ (వెయ్యి భాగాలకు 22) ఉంటే, ఎండలకు నీళ్ళు ఆవిరై ఆ రోజుకు 29కి చేరింది. క్రీక్‌లో కూడా ఉప్పు పెరగడంతో, రోగాల భయంతో నెల రోజులుగా కొత్త నీళ్ళు పెట్టలేదు. మేత మాత్రం చార్టు ప్రకారం పెంచుకుంటూ పోయారు. మేతలోని నత్రజనిలో రొయ్య ఒంటికి పట్టేది నాలుగో వంతుకు అటూ ఇటూ. మిగిలింది నీళ్ళలోకే వస్తుంది. నెల రోజులు నీళ్ళు మార్చకుండా మేత వేసిన గుంట అంటే ఎరువు దండిగా వేసిన మడే. అందులో ఏదో ఒకటి మొలుస్తుంది. ఏది మొలుస్తుందన్నదే ప్రశ్న.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో చూడటానికి దించే సెక్కి డిస్క్ అనే బిళ్ళ 22 సెంటీమీటర్ల దగ్గరే కనబడకుండా పోయింది. పీహెచ్ పొద్దున 8.1, మధ్యాహ్నం 9.2. డీఓ తెల్లవారుజామున 3.1, మధ్యాహ్నం ఎండలో 12. ఒక్క రోజులో ఇంత ఊగడమంటే గుంట శ్వాస మొత్తం ఆ బ్లూమ్ చేతిలో ఉందన్న మాట. నాలుగో గుంటలో అంకెలు కాస్త నయం, పోకడ మాత్రం అదే.

మైక్రోస్కోపు కింద చుక్క పెడితే ఒకటే రకం. గుండెకాయకూ కోడిగుడ్డుకూ మధ్య ఆకారం, ఒక కొసన చిన్న ముల్లు, గిరగిరా తిరుగుతూ ఈత. ప్రోరోసెంట్రమ్ జాతి డైనోఫ్లాజెల్లేట్, అంటే ఈదే ఏకకణ ఆల్గే. మిల్లీలీటరుకు 42 వేల కణాలు లెక్కకు వచ్చాయి. మంచి గుంటలో గోధుమ రంగు డయాటమ్‌లు, పచ్చ క్లోరెల్లా లాంటి మేలు చేసే ఆల్గేలు కలగాపులగంగా ఉంటాయి. ఇక్కడ వాటి జాడ లేదు. రొయ్యల పేగులు సగం ఖాళీ, కాలేయం పాలిపోయి ఉంది.

ఎప్పుడూ తీసి పారేసే నాచు

రిజర్వాయర్ కట్ట మీద పచ్చ నాచు కుప్పలు ఎండుతున్నాయి. వారానికోసారి ఆడవాళ్ళు పళ్ళకొయ్యలతో లాగి పడేస్తారు. మోటారు ఫుట్‌వాల్వ్‌కు చుట్టుకుంటుందని రైతులందరికీ దీని మీద కోపం. సన్నని పచ్చటి గొట్టాల్లా, పేగుల్లా ఉంటుంది. ఒకప్పుడు దీన్ని ఎంటిరోమార్ఫా అనేవారు, ఇప్పుడు శాస్త్రవేత్తలు ఉల్వా జాతిలోనే కలిపేశారు. విశాఖ, భీమిలి రాళ్ళ మీద పల్చటి ఆకుల్లా కనబడే ఉల్వా ఫాసియాటాకు ఇది దగ్గరి చుట్టం.

ముందటేడు దెబ్బ తిన్నాక నేను చదివిన వాటిలో ఎక్కువ భాగం ఈ ఉల్వా గురించే. సముద్రంలో ఎర్ర పోటు, అంటే ఇలాంటి బ్లూమ్‌తో నీళ్ళు ఎర్రబడే సమస్యతో బాగా నలిగిన దేశాలు జపాన్, కొరియా, చైనా. జపాన్‌లోని సెతో లోపలి సముద్రంలో 1972లో చాటోనెల్లా అనే సూక్ష్మ ఆల్గే 1 కోటీ 40 లక్షల పెంపకపు చేపలను చంపింది. కొరియా వాళ్ళు 1996 నుంచి బ్లూమ్ మీద పసుపు బంకమట్టి చల్లుతున్నారు. ఆ మట్టి ఆల్గే కణాలను పట్టుకుని అడుగుకు దించుతుంది. ఆ వెతుకులాటలోనే అక్కడి వాళ్ళ చూపు పెద్ద నాచుల మీద పడింది. పెద్ద నాచు దట్టంగా ఉన్న చోట సూక్ష్మ ఆల్గే ఎందుకు తల ఎత్తదు?

చైనా పరిశోధకులు 2003లో ఉల్వా పెర్టుసాను ఎర్ర పోటు జాతులతో కలిపి పెంచి చూశారు. పచ్చి ముక్కలు, ఎండు పొడి రెండూ వాటిని అణిచాయి. కానీ ఉల్వా పెరిగిన నీళ్ళను వడగట్టి ఒక్కసారి పోస్తే ఫలితం అంతంతమాత్రం. అంటే నాచు వదిలే పదార్థం త్వరగా విరిగిపోతుంది, బతికున్న నాచు దాన్ని కొంచెం కొంచెంగా వదులుతూనే ఉండాలి. ఈ ఒక్క విషయం నా ఆలోచనను మార్చేసింది. న్యూయార్క్‌లోని స్టోనీ బ్రూక్ యూనివర్సిటీ వాళ్ళు 2011లో ఉల్వా లాక్టుకా మీద ఇలాంటి పనే చేసి, ఏడు రకాల హానికర ఆల్గేల పెరుగుదలను అది అణిచిందని చూపారు. ఆ ఏడింటిలో ప్రోరోసెంట్రమ్ మినిమమ్ కూడా ఉంది. నా గుంటలో ఉన్నది దాదాపు అదే.

ఇంతకీ నాచులో ఉన్నదేమిటి? జపాన్‌లో 2005లో ఉల్వా ఫాసియాటా నుంచి మూడు కొవ్వు ఆమ్లాలను వేరు చేశారు. ఆ మూడింటిలో ఒకటి మన అవిసె గింజల్లో ఉండే ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లమే. ఇవి సూక్ష్మ ఆల్గే కణపు పొరలోకి చొరబడి దాన్ని వదులు చేస్తాయి. పొర నిలవలేక కణం ఉబ్బి పగులుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గరే హెటెరోసిగ్మా అనే ఎర్ర పోటు ఆల్గే చచ్చింది. గోధుమ రంగు నాచుల్లో వేరే ఆయుధం ఉంది. ఎక్లోనియాలోని ఫ్లోరోటానిన్లు, అంటే కరక్కాయలోనూ తుమ్మబెరడులోనూ ఉండే వగరుకు సముద్రపు రూపం లాంటివి, ఎర్ర పోటు ఆల్గేలను చంపినట్టు జపాన్ వాళ్ళే 2003లో చూపారు. మన తీరంలో సర్గాసమ్ ఆ వర్గానిదే. ఈ కేసులో దాని జోలికి పోలేదు, చేతికి అందేది ఉల్వాయే కాబట్టి.

అయితే అవిసె నూనె పోస్తే పోలా అని అడిగిన రైతులున్నారు. వద్దు. నూనెలో ఆ ఆమ్లం విడిగా ఉండదు, వేరే అణువుకు కట్టుబడి ఉంటుంది. పైగా నూనె తెట్టు కట్టి నీటికి గాలి అందనివ్వదు.

కాగితం మీద లెక్క

ఎవరైనా నాచు సారం సీసాలో పోసి బ్లూమ్‌కు మందని అమ్మితే, కొనే ముందు ఈ లెక్క వేసుకోండి. ఎకరం గుంట, 1.3 మీటర్ల లోతు. నీళ్ళు సుమారు 52 లక్షల లీటర్లు. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఆమ్లం కావాలంటే గుంట మొత్తానికి 5 కిలోలకు పైగా శుద్ధమైన పదార్థం పోయాలి. ఉల్వాలో కొవ్వు తక్కువ, ఎండు బరువులో రెండు మూడు శాతమే. మనకు కావాల్సిన ఆమ్లాలు ఆ ఎండు బరువులో ఒక శాతం అనుకుందాం. అంటే 520 కిలోల ఎండు నాచు, పచ్చిదైతే మూడున్నర టన్నులు. అంత పొడి ఒక గుంటలో కలిపితే బ్లూమ్ చావడం అటుంచి, ఆ పొడి కుళ్ళడానికే ఆక్సిజన్ చాలదు. ముందటేటి రాత్రే మళ్ళీ వస్తుంది, ఈసారి సహజమైన పద్ధతిలో.

ఈ లెక్క పెద్దాయన ముందు కట్ట మీదే వేశాను. ఆయన అన్న మాట: "ఏందబ్బయా, పీకి పారేసేదాన్ని తెచ్చి గుంటలో ఏయమంటావా అనుకున్నా. ఇప్పుడు ఏసినా సరిపోదంటుండావే!"

బకెట్ పరీక్ష

గుంటలో చెయ్యి పెట్టే ముందు నాలుగు రోజులు బకెట్లలో చూశాం. ఇరవై లీటర్ల తెల్ల బకెట్లు, అన్నిట్లో మూడో గుంట నీళ్ళు, అన్నిటికీ చిన్న ఎయిర్ పంపు. ఒకటి ఏమీ వేయకుండా వదిలాం. ఒకదాంట్లో 50 గ్రాముల పచ్చి ఉల్వా, ఇంకోదాంట్లో అంతే ఉల్వాతో పాటు చిటికెడు యూరియా, డీఏపీ. ఇంకోదాంట్లో 20 గ్రాముల ఎండు పొడి. చివరిదాంట్లో నాచును రుబ్బి, నానబెట్టి, గుడ్డలో వడగట్టిన నీళ్ళు ఒక్కసారి పోశాం.

యూరియా బకెట్ ఎందుకంటే, ఉల్వా పక్కన బ్లూమ్ తగ్గడానికి మూడు కారణాలు ఉండొచ్చు. నాచు నీడ పడటం, నాచు ఎరువు మొత్తం లాగేసుకోవడం, నాచు వదిలే పదార్థాలు. ఎరువు పుష్కలంగా ఇచ్చినా బ్లూమ్ తగ్గితే ఆకలి కారణం కాదని తెలుస్తుంది. నీడ పడకుండా ఉల్వాను అడుగున రాయి కట్టి ఉంచాను. ఇంకో చిక్కు పీహెచ్. ఉల్వా ఎండలో పీహెచ్‌ను బాగా పెంచుతుంది, అది కూడా కణాలకు పడదు. అందుకే బకెట్లను చెట్టు నీడ కిందికి మార్చి, పీహెచ్ 9 దాటకుండా చూసుకున్నాం. ల్యాబ్‌లో చేసేంత కచ్చితం కాదు, కట్ట మీద చేయగలిగినంత.

ఎండు పొడి అన్నిటికంటే వేగంగా చంపింది. ఒక్క రోజులో ఈత ఆగిపోయింది. రెండో రోజు పొద్దునకు నీళ్ళు కంపు కొట్టాయి, పంపు నడుస్తున్నా డీఓ 2కి దిగింది. వడగట్టిన సారం మొదటి రోజు పనిచేసినట్టు కనబడింది, నాలుగో రోజుకు కణాలు మళ్ళీ పుంజుకున్నాయి. చైనా వాళ్ళు చెప్పింది కళ్ళ ముందు జరిగింది. పచ్చి ఉల్వా బకెట్లలో పని నెమ్మదిగా సాగింది. మొదటి రోజు తేడా లేదు. రెండో రోజు కణాలు గిరగిరా తిరగడం మానేసి ఒక చోట వణుకుతూ కనబడ్డాయి. మూడో రోజు చాలా కణాల పెంకు రెండు చెక్కలుగా విడిపోయి, ఆలిచిప్ప తెరుచుకున్నట్టు ఖాళీగా తేలుతోంది. నాలుగో రోజుకు మొదటి లెక్కలో పదో వంతు కూడా మిగల్లేదు. యూరియా వేసిన బకెట్లోనూ తగ్గింది, కాకపోతే ఒక రోజు ఆలస్యంగా. అంటే ఆకలి కొంత సాయం చేసింది గానీ, అసలు పని నాచు వదిలేదే చేసింది. వేరే టబ్బులో ఉల్వాతో కలిపి ఉంచిన ఐదు రొయ్యలూ నాలుగు రోజులూ మేత తిన్నాయి. ఒకటి పొర కూడా విడిచింది.

అయితే ఆ బకెట్ మోతాదు లీటరుకు 2.5 గ్రాముల పచ్చి నాచు. అదే గుంటకు కావాలంటే 13 టన్నులు. కుదరని పని.

చావు గుంటలో జరగకూడదు

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని లెక్కలు తిరగేస్తుంటే తట్టింది. గుంటలోకి నాచును తేవడానికి బదులు, నాచు దగ్గరికి గుంట నీళ్ళను తీసుకుపోతే? రిజర్వాయర్ ముప్పై సెంట్లు, లోతు 1.5 మీటర్లు, నీళ్ళు 18 లక్షల లీటర్లు. దానిలో ఇప్పటికే ఉన్న ఉల్వాను పీకడం ఆపేస్తే, లాగిన కుప్పల అంచనా ప్రకారం టన్నున్నర ఉంటుంది. లీటరుకు గ్రాముకు కొంచెం తక్కువ. బకెట్ కంటే పల్చన, కానీ నీళ్ళు అక్కడ మూడు రోజులు నిలిచేలా చేస్తే ఆ లోటు కొంత పూడుతుంది. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, కణాలు చచ్చేది రొయ్యలు లేని చోట. అవి కుళ్ళినప్పుడు వచ్చే అమ్మోనియాను పక్కనే ఉన్న ఉల్వా తినేస్తుంది. ఆక్సిజన్ తగ్గినా అక్కడ ఊపిరాడక పోయే ప్రాణి లేదు.

ఐదో రోజు నుంచి మూడో గుంట నీళ్ళు రోజుకు 6 లక్షల లీటర్లు రిజర్వాయర్ ఒక కొసకు తోడాం. రెండో కొస నుంచి అంతే నీళ్ళు గుంటలోకి. గుంట మొత్తంలో ఇది రోజుకు 11 శాతం. మధ్యలో పాత వలలతో రెండు అడ్డుతెరలు కట్టాం, నీళ్ళు అడ్డదారిన పోకుండా నాచు గుండా నడవాలని. తిరిగి వచ్చే పైపుకు సన్న మెష్ సంచీ కట్టాం. మేత 30 శాతం తగ్గించాం. ఈ మేత తగ్గింపు లేకుండా మిగతాదంతా చిల్లి కుండలో నీళ్ళు పోసినట్టే. నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు రాత్రి 10 నుంచి పొద్దు పొడిచే దాకా ఆగకుండా నడిచాయి.

నాలుగో గుంటకు ఈ ఏర్పాటు చేయలేకపోయాం. రిజర్వాయర్ రెండు గుంటల నీళ్ళను మోయలేదు. ఏ గుంటను ఎంచుకోవాలన్నది పెద్దాయన నిర్ణయం. నీళ్ళు ఎక్కువ పాడైనదాన్నే ఎంచుకున్నాడు. నాలుగో గుంటలో మేత తగ్గింపు, ఏరియేటర్లు మాత్రమే. ఇది నేను కావాలని పెట్టుకున్న పోలిక కాదు, కానీ పోలికగా మిగిలింది.

గుంటలోనే నేరుగా కూడా ఒక ప్రయత్నం చేశాను, అది పొరపాటైంది. మూడో గుంట మూలన హాపాల్లో (వల సంచుల్లో) 200 కిలోల ఉల్వా వేలాడదీయించాను, కొంచెమైనా మేలు చేస్తుందని. ఏప్రిల్ ఎండకు పైనీళ్ళు 33 డిగ్రీలు దాటాయి. మూడో రోజే కొసలు తెల్లబడ్డాయి. నాచు లాగే పెద్దావిడ చూసి, "తెల్లబడిందాన్ని ఉంచబాక సామీ, రేపటికి గుంటంతా కంపు లేస్తది" అంది. నేను ఇంకో రోజు చూద్దామన్నాను. మర్నాడు పొద్దున హాపా కింద నీళ్ళకు కుళ్ళిన గుడ్డు వాసన వచ్చింది. వెంటనే అంతా తీయించాం. తెల్లబడటం అంటే కణాలు చచ్చి రంగు విడిచాయని, ఆ తర్వాత అది మందు కాదు మలినమని నాకు పుస్తకంలో తెలుసు. ఎప్పుడు తీయాలో ఆమెకు చూపుతో తెలుసు. ఆ రోజు నుంచి రిజర్వాయర్లో ఏ నాచు తీయాలి, ఏది ఉంచాలి అన్న బాధ్యత ఆమెదే. రోజూ పొద్దున, ఎండ రాకముందే, తెల్లబడ్డ కొసలు లాగి కట్టకు దూరంగా పోయించేది.

ఏం జరిగింది

రిజర్వాయర్లోకి పోయే నీళ్ళలో మిల్లీలీటరుకు 42 వేలు ఉంటే, మూడు రోజుల తర్వాత బయటికి వచ్చే నీళ్ళలో 6 వేలు. మూడో గుంటలో నీళ్ళు తోడటం మొదలైన తొమ్మిదో రోజుకు 17 వేలు, పద్నాలుగో రోజుకు 9 వేలు. సెక్కి డిస్క్ 22 నుంచి 34 సెంటీమీటర్లకు వచ్చింది. మధ్యాహ్నపు పీహెచ్ 8.6కి దిగింది. తెల్లవారుజాము డీఓ ఒక్క రోజు కూడా 3 కిందికి పోలేదు. నాకు అన్నిటికంటే సంతోషం కలిగించింది పదకొండో రోజు చుక్కలో కనబడ్డ పడవ ఆకారపు డయాటమ్‌లు. ఖాళీ అయిన చోటును మంచి జాతి ఆక్రమించడం మొదలైంది. ఒక్క పూటలో బ్లూమ్‌ను చంపితే ఇది జరగదు, ఆ ఖాళీలోకి మళ్ళీ ముందు పరిగెత్తేది చెడ్డదే.

నాలుగో గుంటలో, బకెట్ పరీక్ష మొదలైనప్పటి నుంచి లెక్కిస్తే ఆరో రోజు రాత్రి, బ్లూమ్ దానంతట అదే విరిగింది. నీటి మీద జిగట నురగ, 4 గంటలకు డీఓ 1.4. ఉన్న ఏరియేటర్లన్నీ అటు మళ్ళించారు. పొద్దున కట్ట వెంట చచ్చిన రొయ్యలు ఏరుతుంటే ఎవరూ మాట్లాడలేదు. పంట 61వ రోజున వంద కౌంటుకు (కిలోకు వంద రొయ్యలు) ఆ గుంట పట్టేశారు. మూడో గుంట 98వ రోజు దాకా నడిచి 55 కౌంటుకు వచ్చింది.

ఈ ఫలితాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? రోజుకు 11 శాతం నీళ్ళను ఏ ఆల్గే లేని మంచి నీళ్ళతో మార్చినా, కణాలు పెరగకుండా ఉంటే, తొమ్మిది రోజులకు లెక్క మూడో వంతు దగ్గరికే వస్తుంది. అంటే మూడో గుంటలో కనబడ్డ తగ్గుదలకు గుంట లోపల ఏ రసాయనమూ పనిచేయాల్సిన అవసరం లేదు. అది పనిచేసింది రిజర్వాయర్లో. గుంటకు దక్కింది శుభ్రపడ్డ నీళ్ళు మాత్రమే. రిజర్వాయర్లో కూడా కొన్ని కణాలు నాచు నీడకు, కొన్ని ఆకలికి పోయి ఉంటాయి. బకెట్లలో యూరియా పరీక్ష చేయకపోయి ఉంటే ఉల్వా వదిలే పదార్థాలకు ఇందులో వాటా ఉందని నేను చెప్పగలిగేవాణ్ణి కాదు. ఆ వాటా ఎంతో ఈ ఒక్క గుంటతో తేలదు.

చేయబోయే వాళ్ళకు కొన్ని జాగ్రత్తలు

క్రీక్ నుంచి నాచు తెచ్చి రిజర్వాయర్లో వేయకండి. నాచు ముద్దలో చిన్న పీతలు, రొయ్య జాతి పురుగులు దాక్కుంటాయి. తెల్లమచ్చ వైరస్‌ను మోసేవి అవే. మేం వాడింది బ్లీచింగ్ చేసి నింపిన రిజర్వాయర్లో దానంతట మొలిచిన నాచు. బయటి నుంచి తేక తప్పకపోతే ఉప్పు లేని మంచినీళ్ళలో బాగా ముంచి, విదిలించి, కొద్దిగా తెచ్చి పెంచుకోవాలి. ఫ్యాక్టరీల నీళ్ళు కలిసే చోట నాచును అసలు ముట్టుకోవద్దు, ఉల్వా లోహాలను ఒంట్లో దాచుకుంటుంది. పులికాట్ సరస్సు నుంచి గ్రాసిలేరియా అనే ఎర్ర నాచు తెస్తామన్న వాళ్ళకు కూడా వద్దనే చెప్పాను. ఆ సరస్సు పక్షుల అభయారణ్యం.

ఉల్వాను దాని ఇష్టానికి వదిలేస్తే అదే ఒక బ్లూమ్ అవుతుంది. 2008లో బీజింగ్ ఒలింపిక్స్ పడవ పందేలకు ముందు చింగ్‌డావ్ తీరం మొత్తం ఉల్వా ప్రొలిఫెరాతో పచ్చబడిపోయింది. వేల మంది కలిసి 10 లక్షల టన్నులకు పైగా ఎత్తిపోశారు. రిజర్వాయర్లో మూడో వంతు నీటి ఉపరితలం ఎప్పుడూ ఖాళీగా కనబడేలా లాగుతూ ఉండాలి. లాగిన ప్రతి గంపతోనూ గుంట నత్రజని కొంత కట్ట దాటి బయటికి పోతుంది. మా పెద్దాయన ఆ నాచు ఉప్పు కడిగి కొబ్బరి చెట్ల మొదట్లో వేయిస్తున్నాడు.

ఉప్పు 10 పీపీటీ కిందికి పోయే భీమవరం, కైకలూరు వైపు చెరువుల్లో నేను ఇది చేసి చూడలేదు. అక్కడ తంటా తెచ్చేది ఎక్కువగా మైక్రోసిస్టిస్ లాంటి నీలాకుపచ్చ ఆల్గే, దాని తీరు వేరు. ఈ కేసును అక్కడికి ఉన్నదున్నట్టు మోసుకెళ్ళకండి.

ఖర్చు విషయానికొస్తే, కొత్తగా కొన్నది పైపులు, మెష్ మాత్రమే. రోజూ ఇద్దరి కూలీ, మోటారు కరెంటు అదనం. క్రీక్ నుంచి నీళ్ళు తీసుకునే ముందు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే ఆల్గే బ్లూమ్ సమాచారం కూడా ఇప్పుడు చూస్తున్నాం. ఉపగ్రహానికి కనబడేది బయటి సముద్రమే అయినా, పోటుతో ఏం రావొచ్చో ముందే తెలుస్తుంది.

ఈ పంటకు పద్ధతి మార్చాం. రంగు తిరిగే దాకా ఆగకుండా, పిల్లలు వేసిన ఇరవయ్యో రోజు నుంచే నాలుగు గుంటల నీళ్ళనూ వంతులవారీగా రోజుకు 3 శాతం చొప్పున ఉల్వా మీదుగా తిప్పుతున్నాం. పక్కన పాడుబడ్డ నర్సరీ గుంటను రెండో రిజర్వాయర్‌గా మార్చారు. పెద్దావిడకు సెక్కి డిస్క్ చూడటం, పీహెచ్ మీటర్ చదవడం నేర్పాం. పొద్దున ఆరింటికి అంకెలు ఫోన్లో చెబుతుంది. ఈ రోజు మూడో గుంటలో 38 సెంటీమీటర్లు, పీహెచ్ 7.9. రిజర్వాయర్ పడమటి మూలన నాచు కొసలు పాలిపోతున్నాయి, రేపు తీయిస్తానంది.